గోడ దాటవలసిన పాట

ఒకప్పుడు రేడియో సెట్టు ఇంటికి ఒక్కటే. ముందుగదిలో బల్లమీద, కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకొని, అది గౌరవస్థానములో ఉండెడిది. డాబామీద రెండు వెదురుగడల నడుమ ఏరియల్ తీగ, పెరటిలో ఎర్తు తీగ, పోస్టాఫీసులో ఏటేట కట్టు లైసెన్సు రుసుము, ఇవన్నియు ఆ సెట్టుకు పరివారము. పాట వినదలచినవారు సెట్టు ఉన్న గదికి వచ్చెడివారు. నేడు ఆ వరుస తారుమారైనది. వినువారు ఎక్కడ ఉన్నారో అక్కడికి పాటయే నడచి రావలెనని కోరుచున్నాము. వంటగదిలో ఒక చిన్న స్పీకరు, పిల్లలు చదువుకొను గదిలో ఒకటి, పెద్దలు విశ్రమించు వెనుకగదిలో మరియొకటి.

ఈ సాధనములకు మేడమీద ఏరియల్ అక్కరలేదు. ఇంటిలోని వైఫై నెట్‌వర్కునుండియే ఇవి పాటను గ్రహించును. వైఫై స్పీకరు, ఇంటర్నెట్టు రేడియో, పాత ఆంప్లిఫయరుకు తగిలించు స్ట్రీమరు, ఇట్లు వీని రూపములు పలురకములు. ఈ ప్రసంగములో సౌలభ్యముకొరకు వీనినన్నిటిని పాటలపెట్టె యని పిలుచుకొందము. పెక్కు గృహములలో వినవచ్చు ఫిర్యాదు ఒక్కటే. ముందుగదిలో చక్కగా పాడిన పెట్టె వెనుకగదికి తీసికొనిపోగానే మూగపోవుచున్నది. గృహస్థు మొదట పెట్టెను నిందించును. తరువాత ఇంటర్నెట్టు మందగించినదని ఎక్కువ వేగముగల పథకమునకు మారును. చివరకు మరింత వెలగల పెట్టెను కొనితెచ్చును. వెనుకగది మాత్రము మౌనముగానే ఉండును.

ఆ గదిలో మంచము దిగలేని ఒక వృద్ధురాలు ఉన్నదనుకొనుడు. ఉదయపు భక్తిగీతములు, ప్రాంతీయ వార్తలు, రాత్రి కచేరి, ఇవే ఆమెకు లోకముతో గల సంబంధము. పాట ఆగినచో ఆ ఇంటిలో నిజముగా నష్టపడునది ఆమెయే. ముందుగదిలో పాడిన పెట్టెకు సాధారణముగా లోపము ఉండదు. లోపము తరచు రెండు గదుల నడుమ ఉన్న దారిలో ఉండును. దానిని కనిపెట్టు విధము తెలిసినచో వృథావ్యయము చాలవరకు తప్పును, పాటయు గోడ దాటును.

మొదట రెండు వస్తువులను వేరుచేసి చూడవలెను. వీధినుండి ఇంటికి వచ్చు ఇంటర్నెట్టు ఒకటి. ఇంటిలోని గదులనడుమ తిరుగు నెట్‌వర్కు మరియొకటి. మునిసిపాలిటీవారి కొళాయి గొట్టము గుమ్మమువరకు నీరు తెచ్చును. అక్కడినుండి వంటగదికి, స్నానపుగదికి, పెరటికి నీటిని చేర్చునవి ఇంటిలోపలి గొట్టములు. వీధిగొట్టము ఎంత లావైనను, పెరటికి పోవు గొట్టము ఇరుకైనచో అక్కడి బిందె నిండదు. ఇంటర్నెట్టు విషయమును ఇట్టిదే. వీధినుండి వచ్చిన తీగ రౌటరు అను పెట్టెలో ముగియును. రౌటరు ఆ ప్రవాహమును తీగద్వారా గాని, వైఫై అను రేడియో తరంగములద్వారా గాని ఇంటిలోని సాధనములకు పంచిపెట్టును. ఈ రెండవ భాగమే నేటి ప్రసంగవిషయము.

పాటకు ఎంత ప్రవాహము కావలెను? లెక్క కష్టమైనది కాదు. కాంపాక్టు డిస్కులో ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లతో, అనగా సున్న, ఒకటి అను గుర్తులతో వ్రాయుదురు. ఎడమచెవికి ఒక వరుస, కుడిచెవికి ఒక వరుస. ఈ మూటిని గుణించినచో సెకనుకు సుమారు 14,11,000 బిట్లు వచ్చును. ఇది ఏమాత్రము కుదింపని సంగీతపు లెక్క. చెవికి భేదము అంతగా తెలియకుండ కుదించి పంపు పాటకు 3,20,000 బిట్లు చాలును. రేడియో ప్రసారములను ఇంటర్నెట్టులో పంపుటకు తరచు అంతకంటెను తక్కువయే సరిపోవును. నేటి సామాన్యపు పథకము సైతము సెకనుకు కొన్ని కోట్ల బిట్లను ఇంటికి తెచ్చుచున్నది. కావున పాట ఆగుటకు పథకపు వేగము చాలకపోవుట కారణమగుట అరుదు. పాటకు వరద అక్కరలేదు, ధార తెగకుండిన చాలును.

ఆ ధార ఎందుకు తెగుచున్నది? ఇందుకు తరంగముల స్వభావము కొంత తెలియవలెను. విజయవాడ కేంద్రపు మీడియం వేవ్ ప్రసారమును శ్రోతలు చిరకాలము 837 కిలోహెర్ట్జులమీద విన్నారు. ఆ తరంగము పొడవు సుమారు 358 మీటర్లు. అంతటి అలకు ఇంటిగోడ లెక్కలోనికి రాదు. పైగా దానిని పంపునది వేలకొలది వాట్ల శక్తిగల యంత్రము. వైఫై తరంగము సంగతి వేరు. అది ముఖ్యముగా రెండు పట్టీలలో తిరుగును. మొదటిది 2.4 గిగాహెర్ట్జులు, దాని అల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, అనగా అర జానెడు. రెండవది 5 గిగాహెర్ట్జులు; దాని పొడవు 5, 6 సెంటీమీటర్లు, అనగా మూడు వ్రేళ్ల వెడల్పు. వీనిని పంపు ఇంటి రౌటరు శక్తి సాధారణముగా ఒక వాట్టులో పదవవంతు ప్రాంతమున ఉండును. అల పొట్టిది, శక్తి కొద్దిది. అందుచేతనే దానికి గోడ అడ్డమగుచున్నది.

ఈ పొట్టి అలలు మన దేశమునకు క్రొత్తవి కావు. 1890 దశకములో కలకత్తాలో జగదీశచంద్ర బోసు మిల్లీమీటర్ల కొలతలోని విద్యుత్తరంగములను పుట్టించి, వానిచేత దూరమున నున్న గంటను మ్రోగించి సభాసదులకు చూపెను. నేడు ఆ జాతి తరంగములే ఇంటింట పాటను మోయుచున్నవి. 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో స్వల్పశక్తితో పనిచేయు సాధనములకు లైసెన్సు అక్కరలేదని భారత ప్రభుత్వము 2005లో ప్రకటించెను. కావుననే ఎవరైనను రౌటరును తెచ్చి ఇంటిలో పెట్టుకొనవచ్చును. ఆ స్వేచ్ఛ పొరుగువారికిని ఉన్నది గనుక, ఒకే పట్టీలో పలువురి తరంగములు క్రిక్కిరిసియుండును. దీని ఫలితమును ముందు చూడగలము.

అన్ని గోడలు ఒక్కవిధముగా అడ్డుపడవు. చెక్కతలుపు, పలుచని చెక్కబిగింపు, కర్టెను, ఇవి తరంగమును చాలవరకు పోనిచ్చును. నాలుగున్నర అంగుళముల ఇటుకగోడ కొంత మ్రింగును. తొమ్మిది అంగుళముల గోడ ఇంకను మ్రింగును. ఇనుపకడ్డీలు బిగించిన సిమెంటు కాంక్రీటు అన్నిటికంటె కఠినము. క్రిందిగదిలోని రౌటరు మేడగదికి అందకపోవుటకు నడుమనున్న స్లాబు ముఖ్యకారణము. అట్టిచోట్ల తరంగము స్లాబులోనుండి గాక, మెట్లదారి గుండ చుట్టు తిరిగి పైకి చేరుచుండును. లోహపు రేకు తరంగమును దాటనీయక వెనుకకు త్రిప్పును. ఇనుపబీరువా, ఫ్రిజ్జు, వెనుక పూతగల నిలువుటద్దము ఇట్టివే. నీరు తరంగమును పీల్చుకొనును. గోడకు ఆనించిన నీటిడ్రమ్ము, చేపలతొట్టి సైతము అడ్డుపడును. పాతకాలపు మండువా యిండ్లలో మట్టిగోడలు మూరెడున్నర మందమున ఉండును గాని, నడుమ ఆకాశము కనబడు లోగిలి ఉండుటచే ద్వారములు, కిటికీలు తరంగమునకు దారి యిచ్చును.

గోడను ఏటవాలుగా దాటు తరంగమునకు గోడ మందము పెరిగినట్లగును. తొమ్మిది అంగుళముల గోడను తిన్నగా దాటుట ఒకటి, మూలగా దాటుట ఒకటి. అందుచేత గృహస్థు కాగితముమీద తన యింటి పటము గీచి, రౌటరునుండి పాటలపెట్టెకు ఒక తిన్నని గీత గీయవలెను. ఆ గీత ఎన్ని గోడలను, ఏ కోణమున, ఏ బీరువాను దాటుచున్నదో లెక్కించినచో వెనుకగది మౌనమునకు కారణము తరచు అక్కడనే కనబడును.

మరియొక విశేషము గమనింపవలెను. రేడియో సెట్టు వినునది మాత్రమే. ప్రసారకేంద్రమునకు అది ఏమియు బదులు చెప్పదు. వైఫైలో అట్లు కాదు. రౌటరు పాటను చిన్నచిన్న మూటలుగా కట్టి పంపును. ప్రతి మూట అందగానే పెట్టె, అందినదని కబురు పంపవలెను. కబురు రానిచో రౌటరు అదే మూటను మరల పంపును. చిన్నపెట్టెలోని ఏరియల్ చిన్నది, దాని గొంతు బలహీనము. రౌటరు పిలుపు పెట్టెకు వినబడుచుండును గాని, పెట్టె బదులు రౌటరుకు చేరకపోవచ్చును. సెల్‌ఫోనుమీద వైఫై గుర్తు రెండు గీతలు చూపుచుండగనే పాట ఆగిపోవుటకు ఇదియొక కారణము.

మీడియం వేవులో ప్రసారము బలహీనమైనచో గరగర వినబడును, పాట దూరమగును, అయినను వినువారు చెవి యొగ్గి అర్థము చేసికొందురు. పాటలపెట్టెలో గరగర యుండదు. పెట్టె లోపల చిన్న తొట్టివంటి నిలువ యున్నది. వచ్చిన మూటలు ఆ తొట్టిలో చేరును. అక్కడినుండి సమముగా పాట వెలువడును. మూటలు ఆలస్యమైనను తొట్టిలో నీరున్నంతవరకు పాట నిండుగా సాగును. తొట్టి ఎండగానే ఒక్కసారిగా నిశ్శబ్దము. మరల కొంత నిండినపిదప పాట మొదలగును. పాట నడుచుచున్నంతసేపు దారి బాగున్నదని భ్రమ కలుగును. అందుచేత ఈ విద్యలో చెవి ఒక్కటే పరీక్షకు చాలదు. పాట సాయంకాలము ఆగుచున్నదా, తలుపు మూసినప్పుడు ఆగుచున్నదా, వంటగదిలో ఏదైన యంత్రము నడుచునప్పుడు ఆగుచున్నదా యని రెండుమూడు దినములు గమనించి గుర్తువ్రాసికొనుట మేలు.

ఇక పెట్టెను నెట్‌వర్కులో చేర్చు పద్ధతి. రేడియో సెట్టుకు ముల్లు త్రిప్పిన చాలును. పాటలపెట్టెకు ముందుగా రెండు సంగతులు చెప్పవలెను: చేరవలసిన నెట్‌వర్కు పేరు, దాని పాస్‌వర్డు. చాల పెట్టెలకు అక్షరముల మీటలు ఉండవు. అందుకు తయారీదారులు ఒక ఉపాయము చేసిరి. క్రొత్తపెట్టెకు స్విచ్చి వేయగానే అది తానే ఒక తాత్కాలిక నెట్‌వర్కును లేపును, లేక బ్లూటూతుద్వారా పలుకరించును. సెల్‌ఫోనులో ఆ పెట్టెకు సంబంధించిన ఆప్ తెరచి, ఇంటి నెట్‌వర్కు పేరును ఎంచి, పాస్‌వర్డును అందించవలెను. పెట్టె వానిని జ్ఞాపకముంచుకొని, తన తాత్కాలిక నెట్‌వర్కును చాలించి, ఇంటి నెట్‌వర్కులో చేరును. పాస్‌వర్డులో ఆంగ్లపు పెద్ద అక్షరమునకును చిన్న అక్షరమునకును భేదమున్నది. పెక్కుమంది తొట్రుపడునది ఇక్కడనే.

ఈ తొలిపరిచయమును రౌటరు ఉన్న గదిలోనే జరుపవలెను. దూరపుగదిలో మొదలుపెట్టినచో, చేరకపోవుటకు కారణము పాస్‌వర్డు తప్పో, దారి చెడో తెలియక తికమకపడుదురు. దగ్గర కూర్చుండి చేర్చి, ఒక పాట విని, తరువాత స్విచ్చి ఆపి, పెట్టెను వెనుకగదికి తీసికొనిపోయి మరల వేయవలెను. అప్పుడును పాడినచో సంతోషము. పాడకున్నచో పెట్టెయు పాస్‌వర్డును సరియైనవేయని, దారిలోనే చిక్కు ఉన్నదని నిశ్చయముగా చెప్పవచ్చును. ఈ ఒక్క పరీక్షకు కానీ ఖర్చు లేదు.

కొన్ని పెట్టెలు 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో మాత్రమే పనిచేయును. రౌటరు రెండు పట్టీలకు రెండు పేర్లు పెట్టియున్నచో అట్టి పెట్టెకు 5 గిగాహెర్ట్జుల పేరు కనబడనే కనబడదు. అది లోపము కాదు. నిజమునకు గోడలు దాటవలసినచోట 2.4 పట్టీయే మేలు. దాని అల పొడవైనది గనుక సాధారణముగా గోడలలో తక్కువ నష్టపడును. 5 పట్టీ వేగము అధికము, రద్దీ తక్కువ, కాని దాని చేయి పొట్టిది. ఒకే గదిలో గాని, ఒక పలుచని గోడకు ఆవల గాని ఉన్న పెట్టెకు అది తగును.

పెట్టె చేరినను సెల్‌ఫోనులో కనబడుట లేదని కొందరు చెప్పుదురు. సెల్‌ఫోను, పెట్టె ఒకే నెట్‌వర్కులో ఉండవలెను. ఫోను వైఫై విడిచి సిమ్ముకార్డు ఇంటర్నెట్టుమీద నడుచుచున్నచో ఇంటిలోని పెట్టెను చూడజాలదు. కొన్ని రౌటర్లలో అతిథులకొరకు వేరొక నెట్‌వర్కు ఉండును. అందులో చేరినవారికి ఇంటర్నెట్టు అందును గాని, ఇంటిలోని ఇతర సాధనములు కనబడవు. వచ్చినవారిని అరుగుమీదనే కూర్చుండబెట్టి మంచినీరిచ్చి పంపినట్లు, అది రక్షణకొరకు చేసిన ఏర్పాటు. పాటలపెట్టెను ఇంటిమనిషిగా లోపలి నెట్‌వర్కులోనే చేర్చవలెను. రౌటరు ప్రతి సాధనమునకు ఒక సంఖ్యను చిరునామాగా ఇచ్చును. ఆ సంఖ్య అప్పుడప్పుడు మారవచ్చును. మారినపుడెల్ల ఫోను పెట్టెను వెదకుకొనుచున్నచో, రౌటరులో ఆ పెట్టెకు ఒకే సంఖ్య నిలుచునట్లు ఏర్పరుపవచ్చును.

ఇప్పుడు దారిని బాగుచేయు మార్గములు చూతము. వీనిలో మొదటివి ఉచితము. మన యిండ్లలో రౌటరు స్థానమును తరచు గృహస్థు నిర్ణయింపడు. తీగ వేయవచ్చిన మనిషి ఎక్కడ గోడకు రంధ్రము చేసెనో అక్కడనే అది వ్రేలాడుచుండును. వీధిగుమ్మముపైన, టీవీ వెనుక, బీరువా ప్రక్కన, ఒక్కొక్కప్పుడు మూతగల అలమరలో. దానిని ఇంటికి నడుమగా, తలయెత్తున, తెరపిగా ఉండుచోటికి మార్చినచో చాల ఇండ్లలో ఇంకేమియు చేయనక్కరలేదు. రౌటరుకు పైకి కొమ్ములుండినచో, ఒకే అంతస్తుకొరకు వానిని నిలువుగా ఉంచవలెను. కొమ్ము కొనవైపుకంటె ప్రక్కలకు తరంగము ఎక్కువగా వ్యాపించును.

తరువాత పెట్టెను కదల్చి చూడవలెను. గోడలకు తగిలి మరలిన అలలు, తిన్నగా వచ్చిన అలలు ఒకచోట కలిసి బలపడును, మరియొకచోట ఒకదానినొకటి కొట్టివేయును. అల పొడవు అర జానెడే గనుక, ఆ బలహీనస్థానమునుండి బయటపడుటకు పెట్టెను జానెడో మూరెడో జరిపిన చాలునన్న సందర్భములు కలవు. నేలమీదనుండి బల్లమీదికి, ఇనుపమంచము వెనుకనుండి కిటికీ ప్రక్కకు మార్చి చూడుడు.

మూడవది రద్దీ. 2.4 పట్టీలో చానళ్లు ఒకదానిమీద ఒకటి పడియుండును; ఒకదానితో ఒకటి రాచుకొననివి 1, 6, 11 అను మూడు. అపార్టుమెంటులో పైవారు, క్రిందివారు, ప్రక్కవారు అందరును ఒకే చానలులో ఉన్నచో సంతలో మాట వినబడనట్లగును. సాయంకాలమున, అందరును ఇల్లు చేరినవేళ, పాట ఆగుటకు ఇది కారణము కావచ్చును. ఈ మూటిలో తక్కువ రద్దీగలదానిని రౌటరులో ఎంచుకొనవలెను. మైక్రోవేవ్ ఓవెను సైతము 2.45 గిగాహెర్ట్జుల ప్రాంతముననే పనిచేయును. దానినుండి వెలువడు స్వల్పమైన తరంగము మనుష్యులకు బాధ కలిగింపని కొలతలో ఉన్నను, వైఫై చెవికి అది కేక. వంట వేడిచేయు రెండు నిమిషములు మాత్రమే పాట తెగుచున్నచో కారణము వెదకనక్కరలేదు.

ఇవన్నియు చేసినను ఫలము లేనప్పుడు, అన్నిటికంటె నమ్మదగినది తీగయే. ఈథర్నెట్ కేబులులో నాలుగు జతల రాగితీగలు మెలివేసియుండును. ఒక్క కేబులు 100 మీటర్లవరకు సంకేతమును చెడకుండ చేర్చును. మన యిండ్లలో ముప్పది మీటర్లు దాటుట అరుదు. గోడలు, పొరుగువారు, ఓవెన్లు, వీనిలో ఏదియు దానికి అడ్డు కాదు. పాటలపెట్టెకు కేబులు పెట్టు రంధ్రమున్నచో నేరుగా తగిలింపవచ్చును. లేనిచో ఆ కేబులు చివర వెనుకగదిలో రెండవ వైఫై పెట్టెను పెట్టవలెను. ఇది తానొక వేరు నెట్‌వర్కును ఏర్పరుపక, మొదటి రౌటరుకు సహాయకునిగా మాత్రమే ఉండునట్లు అమర్చవలెను. కేబులును కరెంటుతీగల గొట్టములో కలిపి లాగరాదు. ప్రమాదమునకు ప్రమాదము, చెరుపునకు చెరుపు. ఇల్లు కట్టించుకొనువారు ప్రతి గదికి ఒక ఖాళీగొట్టము వేయించి యుంచినచో తరువాత గోడలు చెక్కు పని తప్పును.

తీగ లాగుటకు వీలులేని అద్దెయిండ్లలో రిపీటరు గాని, మెష్ అను జంటపెట్టెలు గాని ఉపయోగపడును. రిపీటరు తాను విన్నదానినే మరల పలుకును. దీనిని పాట వినబడని గదిలోనే పెట్టుట చాలమంది చేయు పని. వినబడనిచోట కూర్చున్నది ఇతరులకు ఏమి వినిపించగలదు? రౌటరు మాట దానికి బాగుగా అందుచోట, అనగా దారి మధ్యలో, దానిని నిలుపవలెను. ఒకే పట్టీలో విని, అదే పట్టీలో పలుకు రిపీటరువలన వేగము ఇంచుమించు సగమగును. సినిమాకు అది లోటే. పాటకు లోటు కాదు. మెష్ పెట్టెలు ఈ పనిని మరింత పొందికగా చేయును, వెలయు అధికము.

గోడలోని కరెంటుతీగలనే దారిగా చేసికొను పద్ధతియు ఒకటి కలదు. రౌటరు దగ్గర ఒక ప్లగ్గు, వెనుకగదిలో ఒక ప్లగ్గు పెట్టినచో వాని నడుమ ఇంటి కరెంటుతీగయే సంకేతమును మోయును. రెండు గదులు ఒకే ఫేజుమీద లేనియెడల ఇది సరిగా పనిచేయకపోవచ్చును. ఇన్వర్టరు, స్టెబిలైజరు, స్పైకు నిరోధించు ఎక్స్‌టెన్షను పెట్టె నడుమ వచ్చినను ఆటంకమే. షార్ట్ వేవ్ వినువారు మరియొక సంగతి తెలిసికొనవలెను. ఈ ప్లగ్గులు వాడు పౌనఃపున్యములు చాలవరకు షార్ట్ వేవ్ పట్టీలోనివే. కావున ఇంటిలోని షార్ట్ వేవ్ సెట్టులో రొద పుట్టవచ్చును.

బ్లూటూతుతో సరిపెట్టుకొనరాదా యని అడుగవచ్చును. ఒకే గదిలో కూర్చున్నవారికి అది చాలును. కాని సాధారణముగా దాని అందుబాటు పది మీటర్ల ప్రాంతము. పాట సెల్‌ఫోనునుండి పోవును గనుక, ఫోను బయటికి పోయినచో పాటయు పోవును, పిలుపు వచ్చినచో ఆగును. నెట్‌వర్కులో చేరిన పెట్టె తనంత తానుగా పాటను తెచ్చుకొనును. కొడుకు ఫోను తీసికొని కచేరికి పోయినను వెనుకగదిలో తల్లికి వార్తలు వినబడుచునే ఉండును.

పెట్టెను కొనునప్పుడు చూడవలసినది మరియొకటి కలదు. 2001లో స్లిమ్ డివైసెస్ అను అమెరికా సంస్థ నెట్‌వర్కుద్వారా పాడు ఒక చిన్నపెట్టెను విడుదల చేసెను. అది తీగతో మాత్రమే పనిచేసెడిది. 2003లో వచ్చిన స్క్వీజ్‌బాక్సు తీగలేకుండ మరియొక గదికి పోగలిగినది. 2006లో ఆ సంస్థను లాజిటెక్ కొనెను. 2012లో ఆ పెట్టెల తయారీని చాలించెను. వానికి ఇంటర్నెట్టులో తోడ్పడుచుండిన కేంద్రమును 2024లో మూసివేసెను. అయినను ఆ పెట్టెలు చాలవరకు మూగపోలేదు. వానిని నడుపు సాఫ్టువేరు అందరికిని అందుబాటులో ఉండుటచేత, ఇంటిలోని ఒక చిన్న కంప్యూటరే ఆ కేంద్రపు పనిని చేయగలుగుచున్నది. దూరమున నున్న ఒక సంస్థ తలుపు మూసినచో మన గదిలో పాట ఆగునా, ఆగదా యని కొనుటకు ముందే అడుగవలెను. ఇంటిలో దాచుకొన్న పాటలను తానే పాడగల పెట్టె ఎక్కువకాలము తోడుండును.

కరెంటు సంగతియు మరువరాదు. కరెంటు పోయినచో పాటలపెట్టెతోపాటు రౌటరును ఆగును. బ్యాటరీగల పెట్టె అయినను రౌటరు లేనిదే ఇంటర్నెట్టు పాట పాడజాలదు. రౌటరుకు చిన్న బ్యాటరీ పెట్టెను తగిలించినచో కొన్ని గంటలు నిలుచును. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు కరెంటుతోపాటు ఫోనులును మూగపోయినవి. అట్టివేళ రెండు సెల్లులతో నడుచు ట్రాన్సిస్టరు మాత్రమే ఇంటిలో మాటాడును. క్రొత్తపెట్టె వచ్చినదని దానిని అటకమీదికి ఎక్కింపరాదు. నెలకొకసారి సెల్లులు చూచి, వెనుకగదిలోనే మంచము ప్రక్క ఉంచవలెను.

చెప్పినదానిని వరుసగా స్మరించుకొందము. మొదట రౌటరు గదిలో పెట్టెను చేర్చి, పాడించి చూడుడు. తరువాత ఇంటి పటముమీద గీత గీచి గోడలు లెక్కించుడు. రౌటరును నడుమకు, ఎత్తునకు మార్చుడు. పెట్టెను జానెడు, మూరెడు జరుపుడు. పట్టీని, చానలును మార్చి చూడుడు. అప్పటికిని కాకున్నచో తీగ లాగుడు. తీగకు వీలులేనిచో దారి మధ్యను రిపీటరు నిలుపుడు. క్రొత్తపెట్టెకొరకు, ఎక్కువ వేగముగల పథకముకొరకు డబ్బు తీయుట వీనియన్నిటి తరువాతి మాట. వెనుకగదిలో ఉన్నవారిని అడిగి, వారు ఏ వేళకు ఏమి విందురో తెలిసికొని, ఆ వేళకే ఆ గదిలోనే పరీక్ష చేయుట అన్నిటికంటె ముఖ్యము.